నీళ్లు ముట్టని రోజు

కొమురమ్మ సత్తుగిన్నెను ఇంకాస్త ముందుకు జరిపి చేతిని చప్పున వెనక్కి లాక్కుంది. రాకీ మెడ వంచి నీళ్లను వాసన చూసింది. మూతి తడవకుండానే తల పక్కకు తిప్పుకుంది.

ఆమె గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుంది. రేకుల కప్పు అప్పుడే వేడెక్కుతోంది. ఛత్రినాకలో ఆ గది ఏప్రిల్ నెలలో పొద్దెక్కేసరికి పెనమైపోతుంది. ఈ తొమ్మిదిరోజులూ లేచీ లేవగానే ఆమె చేసే పని ఒకటే. గిన్నె కడిగి, నిండా నీళ్లు పోసి, కుక్క నాలుక నీళ్లలో పడి చప్పుడయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం. ఆ చప్పుడు విన్నాకే స్టవ్వు వెలిగించేది. ఇవాళ్టితో డాక్టరు పెట్టిన పదిరోజుల గడువు తీరిపోతుంది. ఇవాళే ఆ చప్పుడు లేదు.

"తాగు బిడ్డా," అంది.

ఆ కుక్కను ఆమె బిడ్డా అనడం అదే మొదటిసారి. భయంలో నోటికొచ్చిన మాట అది. రాకీ చెవులు నిక్కించి ఆమెను చూసి, మళ్లీ ముందుకాళ్ల మీద గడ్డం ఆనించుకుని పడుకుంది. వీపంతా నలుపు, పొట్టా కాళ్లూ తేనెరంగు, గుప్పెట్లో పట్టనంత లావు మెడ. నిలబడితే కొమురమ్మ నడుముదాకా వచ్చే అల్సేషియన్ అది. నాలుగేళ్లుగా దానికి అన్నం పెట్టేదీ, స్నానం చేయించేదీ, గొలుసు పట్టుకుని తిప్పేదీ ఆమే. నాలుగేళ్లుగా దాన్ని చూస్తే ఆమెకు భయమే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది.

హుస్సేనీ ఆలంలో సోమశేఖర్ సేటు పప్పుల టోకు దుకాణంలో ఆమె పదహారేళ్లు కందులూ పెసలూ చెరిగింది. మొగుడు అక్కడే బస్తాలు మోసేవాడు. దగ్గు పట్టుకుని, ఒక వానాకాలంలో పోయాడు. పిల్లల్లేరు. తర్వాత దుకాణంలోకి చెరిగే మిషను వచ్చింది. ఆడవాళ్లందరినీ పొమ్మన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్నసేటు అనురాగ్ కుక్కపిల్లను తెచ్చాడు. నాలుగు నెలలు ముద్దుచేశాడు. అది పెరిగి పెద్దదై, గొలుసు పట్టినవాళ్లను ఈడ్చుకుపోవడం మొదలెట్టాక అతనికి దుకాణం పనులు ఎక్కువయ్యాయి. గొలుసు పట్టేందుకు ఇంట్లో ఎవరూ ముందుకు రాలేదు. "నువ్వు పట్టుకుంటవా కొమురా?" అని సేటు భార్య నాగమణమ్మ అడిగింది. కొమురమ్మ జీవితంలో ఎవరికీ కాదని చెప్పి ఎరగదు. తలూపింది.

"ఇది ఉత్త కాపలాకుక్క కాదు. వేరే దేశంల గొర్లను కాసే జాతి," అని అనురాగ్ గొప్పగా చెప్పేవాడు. కొమురమ్మ జనగామ దిక్కు గొర్లు కాసే కురుమోళ్ల పిల్ల. ఆమెకు తెలిసిన మందకుక్కలు బక్కచిక్కి, చెవులు చినిగి, దుమ్ములో పడి ఉండేవి. ఈ నిగనిగలాడేది గొర్రెల్ని కాస్తుందంటే ఆమె నమ్మలేదు. కానీ దాని పద్ధతి చూస్తే ఎక్కడో చూసినట్టే ఉండేది. ఇంట్లో మనుషులు తలా ఒక మూల ఉంటే దానికి కుదురుండదు. నాగమణమ్మ మేడ మీద, మనవరాలు స్రవ్య కింద, అనురాగ్ వాకిట్లో ఉంటే అది మెట్లెక్కుతూ దిగుతూ ఒగరుస్తూనే ఉండేది. అందరూ హాల్లో కూర్చుంటే అప్పుడు గుమ్మానికడ్డంగా పడుకుని కళ్లు మూసేది. పొద్దునొక గంట, సాయంత్రం ఒక గంట మూసీ ఒడ్డున పరిగెత్తిస్తే తప్ప దాని ఒంట్లో తిమ్మిరి తగ్గేది కాదు. తిప్పని రోజున చెప్పులు, చీపుర్లు, ఒకసారి నాగమణమ్మ పూజపీట కూడా నమిలేసింది.

పదిరోజుల కిందట ఇంటికి చుట్టాల పిల్లలొచ్చారు. దాగుడుమూతలు ఆడారు. ఆ కుక్కకు అంతకన్నా నరకం ఇంకోటి లేదు. అంతమంది పిల్లలు కళ్లముందే చెల్లాచెదురై మాయమైపోతే అది ఇంటికి ఆనుకున్న గోడౌనంతా కలయదిరిగింది. ఒక్కొక్కరినే కనిపెట్టి, చుట్టూ తిరిగి, మూతితో నెట్టుకుంటూ వాకిట్లోకి తెచ్చింది. నాలుగేళ్ల స్రవ్య బస్తాల సందులోంచి రానని మొరాయించింది. రాకీ పిల్ల మడమను పంటితో తాకింది. ఎప్పుడూ తాకించి వదిలేసేదే. ఆ రోజు పిల్ల కాలు విదిలించింది. రెండు పళ్లు దిగాయి.

ఇల్లంతా లొల్లి. కొమురమ్మ మాత్రం ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుపోయి నల్లా కింద కాలు పెట్టి, బట్టల సబ్బుతో రుద్దింది, రుద్దింది. "ఇగ చాలు, పిల్ల సచ్చిపోతది ఏడ్శి," అని నాగమణమ్మ లాగబోతే మోచేత్తో నెట్టేసింది. గాటు చిన్నదే, కుక్కకు టీకాలు పడ్డాయి కదా అన్నాడు డాక్టరు. పది రోజులు కుక్కను కనిపెట్టి చూడమన్నాడు. తిండి మానినా, నీళ్లు ముట్టకపోయినా వెంటనే వచ్చి చెప్పమన్నాడు. అప్పుడు పిల్లకు బొడ్డు చుట్టూ సూదులు వేయాలన్నాడు. కుక్క ఆ ఇంట్లో ఉండొద్దన్నాడు సేటు. తప్పిపోనూ కూడదు. అందరూ కొమురమ్మ వైపు చూశారు. ఆమె తలూపింది.

"తాగిందా ఇయ్యాల?" అంటూ ఇంటి యజమానురాలు లీలమ్మ గడపలో నిలబడింది.

కొమురమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "తాగింది."

"మంచిది. ఇయ్యాలతోటి ఐపోయినట్టే గద. తోలెయ్యి తల్లీ. రాత్రంత గోడ గీకుతది. మా ముసలాయనకు నిద్ర లేదు."

లీలమ్మ వెళ్లాక తాను అబద్ధం ఎందుకాడిందో కొమురమ్మకే తెలియలేదు. పాలు పోసి చూసింది. ముట్టలేదు. వేళ్లు నీళ్లలో ముంచి దాని మూతి మీద చిలకరించింది. సగం నీళ్లు ఆమె ఒళ్లోనే పడ్డాయి. రాకీ నాలుకతో మూతి ఒకసారి తుడుచుకుంది, అంతే. దాని పెదవి కొస నుంచి చొంగ సన్నటి తీగలా సాగి నేలకు అంటింది. ఎండకా? ఎండకే అయ్యుంటుంది. అయినా ఆమె కాళ్లు దగ్గరికి ముడుచుకుని, మూలకు జరిగింది.

ఆమెకు తొమ్మిదేళ్లున్నప్పుడు తమ్ముడు సాయిలును మందకుక్క కరిచింది. వాళ్ల కుక్కే. దానికీ పిల్లవాడికీ స్నేహమే. అమ్మ పసుపూ కారం అద్దింది, పక్కూరాయన మంత్రం వేశాడు. పుండు మానిపోయింది. మాని, అందరూ మరిచిపోయాక, ఒకరోజు సాయిలు దూపైతుందన్నాడు. కొమురమ్మే చెంబుతో నీళ్లిచ్చింది. వాడు చెంబును పెదవుల దాకా తెచ్చుకుని, ఎవరో గొంతు పట్టుకున్నట్టు విరుచుకుపడి అరిచాడు. ఆ తర్వాత వాణ్ని గొర్ల కొట్టంలో పెట్టి తలుపు వేశారు. తలుపవతల కూర్చుని ఆమె "తాగురా, జరంత తాగురా" అంటూనే ఉంది. మూడో పొద్దుకు లోపల చప్పుడు ఆగిపోయింది.

ఇప్పుడు ఈ గిన్నెలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. పైన రేకు సందులోంచి పడిన ఎండ అందులో రూపాయి బిళ్లంత మెరుస్తోంది.

చెబితే చిన్నపిల్ల బొడ్డు చుట్టూ సూదులు. కుక్కను ఈ పూటే చంపేస్తారు. చెప్పకపోతే? ఆ ఆలోచన దగ్గరికి రాగానే ఆమెకు స్రవ్య ముఖం బదులు సాయిలు ముఖం కనిపించింది. ఆమె లేచి నిలబడింది. పాతచీర అంచు చింపింది. "ఏమనకు, నన్నేమనకు," అని గొణుక్కుంటూ కళ్లు సగం మూసుకుని కుక్క మూతికి ఆ గుడ్డను చుట్టి ముడేసింది. రాకీ కదలకుండా చుట్టించుకుంది. గొలుసుకు తోడుగా ఒక తాడు కట్టి, రెండూ చేతికి మెలిపెట్టుకుని ఆమె గల్లీలోకి దిగింది.

లాల్‌దర్వాజా, శాలిబండ మీదుగా హుస్సేనీ ఆలం నడక. ఆటోలో కుక్కను ఎవరూ ఎక్కించుకోరు. పండగ దగ్గరికి రావడంతో రోడ్డు నిండా జనం. ఎవరి పిల్ల దగ్గరికొచ్చినా కొమురమ్మ తాడును దగ్గరికి లాక్కునేది. మసీదు ముందు తెల్లబట్టల ముసలాయన ఒకడు కుర్తా అంచు పైకెత్తుకుని పక్కకు తప్పుకున్నాడు. "జర సంభాల్‌కే అమ్మా, నమాజుకు పోతున్న," అన్నాడు మెల్లగా. ఆమె గోడకు అతుక్కుపోయింది. మామూలు రోజుల్లో కుక్క ఆయన బట్టలకు తగలకూడదనే భయపడేది. ఇవాళ మాత్రం దాని పళ్లు తగులుతాయేమోనని ఆ ముసలి మడమల్ని చూస్తూ నిలబడింది.

ఖిల్వత్ దగ్గర ఖాళీ మైదానంలో బక్రీదుకు అమ్మకానికొచ్చిన గొర్రెలున్నాయి. ఆమెకు అవి కనబడకముందే వాసన వచ్చింది. పిడచకట్టిన ఉన్ని వాసన, తడి పెంటిక వాసన. నలభై ఏళ్లయింది ఆ వాసన ఇంత దగ్గరగా ముక్కుకు తగిలి. ఆమె అడుగు తడబడింది. రాకీ ఆగిపోయింది. ముందుకాలొకటి గాల్లోకి లేచి అట్లాగే ఉండిపోయింది.

అప్పుడే రోడ్డు మీద పోతున్న ఆటో టైరు ఒకటి ఫట్‌మని పేలింది. గొర్రెలు ఒక్కసారిగా బెదిరి, కట్టిన తాడును దాటి రోడ్డు మీదికి విరుచుకుపడ్డాయి. గొంగడి భుజాన వేసుకున్న ముసలి కాపరి ఒక్కడే "హై, హై" అంటూ ఎటు ఉరకాలో తెలియక తిరుగుతున్నాడు. రాకీ ఒక్క గుంజు గుంజింది. తాడు కొమురమ్మ అరచేతుల్ని కాల్చుకుంటూ జారిపోయింది.

"జరుగుండ్రి! జరుగుండ్రయ్యా!"

ఇంకొక మాట నోటిదాకా వచ్చింది. పిచ్చి. ఆ మాట ఒక్కటి పైకి అంటే చాలు, ఈ బజారులో చేతికందిన కర్రా రాయీ దాని మీద పడతాయి. అనకపోతే దాని పళ్లు ఎవరి మీద పడతాయో. నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. మాట రాలేదు. మూతికి కట్టిన గుడ్డ దాని మెడలోకి జారిపోవడం మాత్రం కనబడింది.

రాకీ గొర్రెల మీద పడలేదు. వాటికి దూరంగా, రోడ్డు అవతలి అంచు దాకా దూసుకుపోయి అక్కడినుంచి వంపు తిరిగింది. పొట్ట నేలకు రాసుకునేంతగా వంగి, తల దించి, కళ్లు ఎత్తి, బస్సు ముందు నిలబడ్డ నాలుగు గొర్రెల వైపు నడిచింది. అవి వెనక్కి తగ్గాయి. ఇటుపక్క ఒకటి గల్లీలోకి తప్పించుకోబోతే గాలిలా వెళ్లి దాని ముందు నిలబడింది. మొరగలేదు. ఎవరూ దానికి నేర్పలేదు. ఇంతవరకు అది గొర్రెనే చూసి ఎరగదు. గొలుసూ తాడూ ఈడ్చుకుంటూ అటూ ఇటూ అల్లుతూ, చెదిరిన మందనంతా చాపను చుట్టినట్టు చుట్టుకుంటూ మైదానంలోకి తెచ్చింది. ఒక పోతు మాత్రం తల వంచి ఎదురు తిరిగింది. రాకీ దాని వెనక మడమను పంటితో తాకింది. పోతు గుంపులో కలిసిపోయింది.

జనం నిలబడిపోయారు. "వాహ్," అన్నారెవరో.

రాకీ మంద చుట్టూ ఇంకొక్కసారి తిరిగి, ఒగరుస్తూ, గొర్రెలకు నీళ్లు పెట్టిన సగం కోసిన పీపా దగ్గరికి పోయింది. మూతి ముంచింది. తాగింది. ఆపకుండా, కళ్లదాకా నీళ్లు చింది పడేలా, కడుపు కదిలేలా తాగింది. ఆ గోలలో కూడా కొమురమ్మకు ఆ చప్పుడు విడిగా వినబడింది. ఆమె రోడ్డు పక్కన మట్టిలో కూలబడి, మంటపుట్టే అరచేతులు ముఖానికి కప్పుకుంది.

"ఏమైందక్కా? నీదేనా గీ కుక్క?" కాపరి ఆమె ముందు వంగి నిలబడ్డాడు. మైసయ్య అని, కల్వకుర్తి అవతలినుంచి వచ్చానని చెప్పాడు.

"నీళ్లు తాగుతలేకుండె," అంది ఆమె.

మైసయ్య రాకీ దవడ పట్టుకుని నోరు చూశాడు, చెవులు చూశాడు. అది అతని చెయ్యి నాకింది. "దీనికేం రోగమక్కా! యాడ కట్టేసినవ్?"

"నా అర్రల. పదొద్దుల సంది."

"మరి? పనికి పుట్టిన జీవి. పని లేకుంటే అలిగి పంటది. మనం తినమా? తింటం. అది తినది." అతను గొర్రెల వైపు చూశాడు. "మా కుక్క నిరుడు లారీ కింద వడ్డది. ఒక్కణ్ణే ఐతున్న. దీన్ని నాకియ్యరాదు?"

"నాది కాదు," అంది కొమురమ్మ.

హుస్సేనీ ఆలం ఇంట్లో సేటు భోంచేసి కూర్చున్నాడు. స్రవ్య "రాకీ!" అని ఎగిరి వచ్చి, తల్లి పిలిస్తే ఆగి, దూరం నుంచే మడమ చూపించింది. రెండు లేత చుక్కలు తప్ప ఏమీ లేవు. పొద్దున్నుంచి జరిగిందంతా కొమురమ్మ చెప్పింది. నీళ్లు ముట్టని సంగతి కూడా దాచలేదు. వెంటనే అనురాగ్ డాక్టరుకు ఫోను చేశాడు. నీళ్లు తాగి, అట్లా ఉరికిందంటే భయం లేదు, గడువు కూడా తీరింది కదా అన్నాడట. నాగమణమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకుంది.

"మంచిదైంది," అన్నాడు అనురాగ్. అతని చూపు కుక్క మీద నిలవలేదు. "సాయంత్రం మనిషొస్తడు కొమురమ్మా. ఒక్క సూది. దానికి నొప్పి గూడ తెల్వది."

"మంచిగనే ఉన్నది గద బాబూ."

"మంచిగున్నా గని ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది. ఇచ్చినా ఎవరు తీసుకుంటరు, కరిశిన కుక్కను?"

కొమురమ్మ గొలుసు మెలిని ఇంకొక చుట్టు తిప్పింది. సేటు ముందు ఆమె ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. గచ్చువైపు చూస్తూ అంది. "ఒద్దు సేటూ."

"ఏంది?"

"సూది ఒద్దు. గొర్లాయన అడిగిండు. కరిశిందని గూడ చెప్త. తీసుకుంటె ఇస్త."

సేటు తల తిప్పి ఆమెను చూశాడు. ఇన్నేళ్లలో ఆ మనిషిని సరిగ్గా చూడటం అదే మొదలేమో. "ఏడనన్న ఇయ్యి. మల్ల గీ గల్లీల కనవడొద్దు," అన్నాడు.

నాగమణమ్మ వాకిలిదాకా వచ్చింది. గొంతు తగ్గించి, "కుక్క పోతే నీకు ఈడ పనేముంటదే కొమురా?" అంది.

"ఎర్కలేదమ్మా."

"రేపు రా. సూద్దాం." ఆ మాట ఎటూ తేలలేదు. కొమురమ్మ కూడా రెట్టించి అడగలేదు.

ఎండ వాలేసరికి మైదానంలో సగం గొర్రెలు అమ్ముడుపోయాయి. మైసయ్య ఈనిన గొర్రెల్నీ, అమ్ముడుపోని పిల్లల్నీ వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. కరిచిన సంగతి ఆమె చెప్పింది. తమ్ముడి సంగతి కూడా, ఎందుకో, ఆ తెలియని మనిషికి చెప్పింది. అతను గొర్రెల్ని ఎక్కిస్తూనే విన్నాడు. అయిపోయాక, "చిన్నపోరగాండ్ల దిక్కు రానియ్య. అడివిల మాకాడ పోరగాండ్లు యాడుంటరు?" అన్నాడు.

ఆమె వంగి మెడ పట్టా విప్పబోయింది. వేళ్లు దాని గొంతుకింద, పళ్లకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. భయం వేసింది. అయినా విప్పింది.

రాకీ ఒక్క గెంతులో వ్యాను ఎక్కింది. గొర్రెల మధ్య అటు చివరికి పోయి, ఇటు చివరికి వచ్చి, తల బయటపెట్టి చూసింది. వెంటనే కిందికి దూకింది. అది కొమురమ్మ వెనకవైపుకు పోయి, ఆమె పిక్కల్ని తలతో నెట్టింది. ఆమె కదల్లేదు. మళ్లీ నెట్టింది.

"నిన్ను గూడ ఎక్కమంటున్నది అక్కా," అన్నాడు మైసయ్య. నవ్వుదామనుకుని నవ్వలేకపోయాడు.

"నడువు," అంది ఆమె కుక్కతో. "పో. గొర్లు పోతున్నయ్ సూడు."

రెండుసార్లు అది ఎక్కి దిగింది. మూడోసారి ఎక్కినప్పుడు మైసయ్య వెనక తలుపు ఎత్తి గొళ్లెం పెట్టాడు. వ్యాను శాలిబండ వైపు తిరిగేదాకా తలుపు పైన రెండు చెవులు కనబడ్డాయి. అరుపు ఏదీ వినబడలేదు. జనం కొనుక్కున్న గొర్రెల్ని తోలుకుని ఇళ్లకు పోతున్నారు. కొమురమ్మ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుని నడిచింది.

గదికి వచ్చేసరికి లీలమ్మ ఇంట్లో దీపం వెలిగించారు. కొమురమ్మ తలుపు తీసి, గడప మీద చాలాసేపు ఆగింది. లోపల ఏమీ కదలకపోవడం ఆమెను పొద్దుటి కంటే ఎక్కువ భయపెట్టింది. రేపు పని ఉందో లేదో. ఆ అడవిలో దానికి ఎవరు పిలిచి నీళ్లు పెడతారో. అన్నం వండబుద్ధి కాలేదు. చీపురు తీసి గది ఊడ్చింది. మంచం కింది నుంచి, గోడవార నుంచి, పెట్టె వెనకనుంచి వచ్చి చేరిన నల్లటి, తేనెరంగు వెంట్రుకలు చీపురు ముందు ఉండలుగా చుట్టుకున్నాయి. చేటలోకి ఎత్తబోయి, ఆగి, చీపురు పక్కన పెట్టేసింది. తెరిచిన తలుపులోంచి కాస్త గాలి వచ్చింది. పిడికెడంత ఆ వెంట్రుకల ఉండ గచ్చు మీద మెల్లగా దొర్లి గడప వారన ఆగింది.